తోడల్లుడు మస్కట్‌లో, నేను మల్కాపురంలో

పోయిన నెలలో మా మేడమెట్లకి ఇనుప గ్రిల్లు పెట్టించాలని మా అబ్బాయి ఒక కాంట్రాక్టరుని మాట్లాడితే, అతను ఇవాళా రేపూ అంటూ చాన్నాళ్ళు తిప్పి, చివరికి బీహారు నుంచి వచ్చిన ఇద్దరు వెల్డర్లని పంపించాడు. మన ఊళ్ళో వెల్డర్లు కరువయ్యారా అని నేను అడిగితే, మన వాళ్ళెక్కడున్నారండీ, పని వచ్చినవాళ్ళంతా గల్ఫులో ఉన్నారు, రానివాళ్ళు నేర్చుకుని గల్ఫు వెళ్దామని చూస్తున్నారు అన్నాడు. అతను మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం కడుపులో పాత మంట ఒకటి లేచింది. ఈ వయసులో బీపీకి మందుంది, షుగరుకి మందుంది, ఈ కుళ్ళుకి మాత్రం ఏ డాక్టరూ మందు రాయలేదు. ఆ బీహారు వాళ్ళు సగం కాలిన వెల్డింగు రాడ్లని మెట్ల మీద పారేసుకుంటూ పోతుంటే నేను కుర్చీలోంచి లేచి ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తూ నిలబడ్డాను. వంటింటి కిటికీలోంచి మా ఆవిడ, ఊరుకోండి, అవేటి మీ రాడ్లా, అంది. నా రాడ్లు కావు గానీ, నా బతుకు అడ్డం తిరిగింది సరిగ్గా అటువంటి ముక్క దగ్గరే.

మన ఈడు వాళ్ళకి ఆ రోజులు కొత్తగా చెప్పనక్కర్లేదు. డెబ్బైల మొదట్లో నేను విశాఖపట్నం రేవు పక్కన ఓడల మరమ్మతులు చేసే ఒక కంపెనీలో వెల్డరుగా చేరాను. మల్కాపురంలో రేకుల ఇల్లు, సైకిలు, పర్మినెంటు ఉద్యోగం. అంతకన్నా ఏం కావాలి అనుకునే కాలం. జీతం చాలా తక్కువ. ఎంత తక్కువంటే, నెల చివరి వారంలో మా వీధి వీధంతా చారుతోనే భోంచేసేది, ఒకరి ఇంట్లో చేపల పులుసు వాసన వస్తే మిగతా వాళ్ళు వాళ్ళకి ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచించేవాళ్ళు. కంపెనీలో అన్నిటికీ పొదుపే. వెల్డింగు రాడ్లు స్టోరులో ఊరికే ఇచ్చేవారు కారు. కాలగా మిగిలిన కొసముక్కలు తెచ్చి చూపిస్తేనే కొత్తవి ఇచ్చేవారు, ఆ ముక్క బొటనవేలి కంటే పొడుగుంటే ఫోర్‌మేన్ చేత చీవాట్లు తప్పవు. నేను ఆ విద్యలో ఆరితేరాను. రాడ్డుని పట్టుకునే హోల్డరు దవడలు ఎర్రబడి చేతి తొడుగులోంచి వేడి తగిలే దాకా రాడ్డుని వదిలేవాణ్ణి కాను. ఫోర్‌మేన్ నా ముక్కల్ని అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించి, పనంటే ఇదిరా అనేవాడు. అప్పట్లో నాకు దొరికిన గౌరవం అదే, దాన్ని ఇంటికి తీసుకొచ్చి మా ఆవిడకి చెప్పుకునేవాణ్ణి.

మా అత్తవారిది ఎలమంచిలి దగ్గర పల్లెటూరు. ఇద్దరే ఆడపిల్లలు, పెద్దమ్మాయి నా భార్య. మా పెళ్ళయిన కొన్నేళ్ళకి రెండో అమ్మాయికి పక్క ఊరి రైతు కుటుంబంలో కుర్రాణ్ణి చూసి చేశారు. అంతవరకు ఆ ఇంట్లో ఏకైక అల్లుణ్ణి నేను. కోనాం చేప పులుసు వండితే నడిమి ముక్క నా కంచంలోకే వచ్చేది. ఈ తోడల్లుడు వచ్చాక మా అత్తగారు గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించడం మొదలుపెట్టింది. ఆ ఒక్క క్షణం నాకు అస్సలు నచ్చేది కాదు. పైగా అతను నవ్వుతూ, నాకెందుకత్తా, అన్నయ్యకే ఎయ్యి, అనేవాడు. ఇవ్వడం కూడా తన చేతిలో ఉన్నట్టు అనేవాడు. మనిషి మంచివాడే, అదే నాకు ఇంకా కష్టంగా ఉండేది.

అతని పొలం ముగ్గురు అన్నదమ్ములకి సరిపోక, పని చూపించమని మామగారు నన్నే అడిగారు. పెద్దల్లుణ్ణి కదా, కాదనలేక మా కంపెనీలోనే ఒక కాంట్రాక్టరు దగ్గర పెట్టించాను. వెల్డింగు నేనే నేర్పాను. చెయ్యి పట్టుకుని, మొహానికి అద్దం ఎలా పట్టుకోవాలో, ఊపిరి ఎక్కడ బిగబట్టాలో, అతుకు మీద పేరుకున్న చిట్టెం ఎలా కొట్టాలో అన్నీ నేనే చెప్పాను. చెయ్యి త్వరగానే తిరిగింది. కానీ దుబారా. రాడ్డు సగం దాటిందో లేదో విదిలించి పారేసేవాడు. ఫోర్‌మేన్ తిడితే తల గోక్కుని, కొసకొచ్చేసరికి వంకర పోతందండీ, నాకు సేత కాదు, అనేవాడు. నాకు లోపల్లోపల హాయిగా ఉండేది. నేను పర్మినెంటు, అతను రోజుకూలీ. నా ముక్క బొటనవేలంత, అతని ముక్క బెత్తెడు. ప్రపంచం సరిగ్గానే నడుస్తోంది అనుకునేవాణ్ణి.

డెబ్బైల చివర్లో గల్ఫు మాట మొదలైంది. ముందు ఎవరో ఒకరు వెళ్ళారన్నారు, తర్వాత మా పక్క షాపులో ఫిట్టరు కనిపించడం మానేశాడు, ఆ తర్వాత క్యాంటీనులో టీ తాగుతుంటే ఇక వేరే మాటే లేదు. అక్కడ ఒక నెల జీతం ఇక్కడ ఏడాది జీతమట, చలువ గదుల్లో పడుకోబెడతారట, వారానికోసారి కోడిమాంసమట. బొంబాయి ఏజెంటు ఒకతను వచ్చి గాజువాక దాటాక ఒక పాత రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని, మస్కట్‌లో పైపులైను పనికి వెల్డర్లు కావాలని చాటించాడు. పరీక్షలో నెగ్గినవాడికి వీసా. మా కంపెనీలో వెల్డర్లందరికీ ఆ వారంలో ఒంట్లో బాగుండలేదు. నాకూ బాగుండలేదు. చిక్కల్లా ఏమిటంటే, పర్మినెంటు వాడు పాస్‌పోర్టు తీసుకోవాలంటే మాకు అభ్యంతరం లేదని కంపెనీ రాసివ్వాలి. ఉన్న వెల్డర్లే చాలక ఓడలు ఆగిపోతున్నాయని వాళ్ళు ఎవరికీ రాసివ్వడం లేదు. నెగ్గితే ఉద్యోగానికే రాజీనామా పెట్టేద్దామని నేను నిశ్చయించుకున్నాను. మా ఆవిడ కూడా సరేనంది. రేకులు తీసేసి శ్లాబు వేయించుకోవచ్చని, పిల్లల్ని కాన్వెంటులో వేయొచ్చని ఆ నెలంతా మేము మాట్లాడుకున్న మాటలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జివ్వుమంటుంది. తోడల్లుడికి ఏ చిక్కూ లేదు. రోజుకూలీని ఎవరాపుతారు? ఊరికే తోడొస్తానని నాతో బయల్దేరాడు.

షెడ్డులో టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి, మస్కట్ కంపెనీ తాలూకు పరీక్షాధికారి, ఎవరితోనూ మాట్లాడకుండా తిరుగుతున్నాడు. ఒక్కొక్కడికీ అతకడానికి రెండు ఇనప పలకలూ, ఒక కట్ట రాడ్లూ ఇచ్చారు. ఆ రాడ్లని నేను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాను. అప్పుడే పొయ్యిలోంచి తీసినట్టు వెచ్చగా, పై పూత ఎక్కడా చెదరకుండా, కొత్త పెళ్ళికూతురిలా ఉన్నాయి. మా స్టోరులో చెమ్మ పట్టిన రాడ్లు తప్ప ఇటువంటివి నేనెప్పుడూ చూడలేదు. అంత మంచి రాడ్డుని సగంలో పారేయడానికి నా చేతికి మనసు రాలేదు. కొస దాకా కాల్చాను. కొసకొచ్చేసరికి రాడ్డు వేడెక్కి పూత పెచ్చులూడుతుందనీ, అతుకులో బుడగలు పడతాయనీ నాకు తెలీక కాదు, తెలుసు. కానీ ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి మాట వినలేదు. పక్క బల్ల మీద తోడల్లుడు ఎప్పట్లాగే ధనవంతుడి బిడ్డలా రాడ్లు విదిలించి పారేస్తున్నాడు. నాకు జాలేసింది కూడా. వీణ్ణి ఇప్పుడే బయటికి పంపేస్తారు పాపం అనుకున్నాను.

అతుకులు చల్లారాక పలకల్ని ముక్కలుగా కోసి, అతుకు నిలుస్తుందో లేదో చూడ్డానికి మరలో పెట్టి వంచారు. తోడల్లుడి ముక్క మెత్తగా గుర్రపు నాడాలా వంగింది. నాది సరిగ్గా ఒక రాడ్డు అయిపోయి ఇంకో రాడ్డు మొదలుపెట్టిన చోట టప్పున విరిగింది. టోపీ పెద్దమనిషి వంగి నా బల్ల కింద ఉన్న బొటనవేలంత ముక్కని తీసి చూసి, నవ్వి, ఏజెంటుతో ఏదో అన్నాడు. చెయ్యి చాలా బాగుందట గానీ, ఇంత పిసినారి వెల్డరుని పైపులైను మీద పెడితే పైపు పేలిపోతుందట. పక్కన ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఇన్నేళ్ళూ ఏ ముక్కకైతే నా వీపు తట్టారో ఆ ముక్కకే నన్ను ఇంటికి పంపేశారు, ఏ దుబారాకైతే రోజూ తిట్టు తిన్నాడో దానికే అతనికి వీసా ఇచ్చారు. ఇంతకన్నా అన్యాయం నేను విని ఎరగను. ఇంటికి వస్తుంటే సైకిలు వెనకాల కూర్చుని అతను ఒక్క మాటా మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే దింపేసి ఉండేవాణ్ణి.

చదువు తక్కువ వాళ్ళు పరదేశం పనికి వెళ్ళాలంటే, అక్కడ మోసపోకుండా చూడ్డానికట, సర్కారువారి అనుమతి ముద్ర ఒకటి పడాలి. దానికి మద్రాసు వెళ్ళాలంటే తోడు నేనే వెళ్ళాను, పెద్దవాణ్ణి కదా మళ్ళీ. జీతం ఎంత, తిండి ఎవరిది అని అడిగి, ఒప్పందం చూసి, టక్కున ముద్ర కొట్టి పంపేశారు. ఆ ముద్ర చప్పుడు నా గుండె మీద కొట్టినట్టే వినిపించింది. విశాఖపట్నం స్టేషనులో రైలెక్కించేటప్పుడు మా అత్తగారు ఏడ్చింది, మరదలు ఏడ్చింది, మా ఆవిడ కూడా ఏడ్చింది. ఆవిడ ఎందుకేడ్చిందో నేను అడగలేదు.

ఇక అక్కడి నుంచి నా అవస్థ చూడాలి. మరదలు పుట్టింట్లోనే ఉండేది కనుక, అతను పంపినవన్నీ ఆ ఊరికే వచ్చేవి. టేప్ రికార్డరు వచ్చింది. దాని వెనకే అతను మాట్లాడి నింపిన క్యాసెట్లు వచ్చేవి. మేం వెళ్ళినప్పుడల్లా మా మామగారు దాన్ని అరుగు మీద పెట్టి నొక్కేవారు, ఊరంతా చేరేది. అందరినీ పేరుపేరునా అడిగి, చివర్లో ఎప్పుడూ, అన్నయ్యా, ఒంట్లో ఎలగున్నాది, పనెలగున్నాది, అని ఆగిపోయేవాడు. జవాబు కోసం ఆగినట్టు. అందరూ నా మొహం చూసేవారు. నేను మీసం సవరించుకునేవాణ్ణి. నడిమి ముక్క సంగతి ఇక అడగొద్దు. అది రాని అల్లుడి కోసం కూడా తీసి మరదలి కంచంలో వేసేవారు. అతని తండ్రి పోయినప్పుడు అతను రాలేదు. పదకొండో రోజున పదిమందిలో నేనే అన్నాను, డబ్బు రుచి మరిగినవాడికి అయ్యేటి, అమ్మేటి అని. ఎవరూ కాదనలేదు.

రెండేళ్ళకి సెలవు మీద వచ్చాడు. నల్లబడ్డాడు, చిక్కాడు, చేతికి మెరిసే గడియారం. అత్తవారి ఊరు కూడా వెళ్ళకుండా స్టేషను నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చి, స్టూలు మీద కూర్చుని, కాఫీ తాగకముందే అసలు సంగతి చెప్పాడు.

"అన్నయ్యా, మా కాడ వెల్డర్లు సాలటం లేదు. ఫోర్‌మేన్‌తోటి నాను మాటాడీసినాను. నీకు టెస్టూ గిస్టూ ఏటీ లేదు, నా మాట మీద తీసుకుంతానన్నాడు. వచ్చీ అన్నయ్యా."

నా మాట మీద అన్నాడు. అద్దం పట్టుకోవడం నేర్పిన నన్ను, తన మాట మీద తీసుకుంటారట. ఆ మాట విన్నాక నాకు శ్లాబూ గుర్తు రాలేదు, కాన్వెంటూ గుర్తు రాలేదు.

"నాకేటి తక్కువైంది తమ్ముడూ ఇక్కడ? పర్మినెంటోణ్ణి," అన్నాను.

అయినా అతను వదల్లేదు. ఉన్నన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నాడు, వెళ్ళేటప్పుడు రైలు కదులుతుంటే కిటికీలోంచి కూడా ఆలోచించుకో అన్నయ్యా అన్నాడు. నేను రైలు చప్పుడులో వినపడనట్టు చెయ్యి ఊపాను. ఇంటికొచ్చాక మా ఆవిడ అన్నం పెట్టి, గోడకి చేరబడి నిలబడి అంది.

"మీకు మస్కట్ అక్కర్లేక కాదు. మా సెల్లి మొగుడు పిలవడవే మీకు గిట్టలేదు."

అవును, గిట్టలేదు. ఇప్పుడు పిలిచినా గిట్టదు. మనిషన్నాక ఆ మాత్రం ఉంటుంది.

ఈలోగా మా కంపెనీ ఖాళీ అయిపోతోంది. రాజీనామాలు పెట్టి కొందరు, చెప్పకుండా కొందరు వెళ్ళిపోయారు. వెల్డరు లేక ఓడలు వారాల తరబడి రేవులో పడి ఉండేవి. ఇంతలో ఉక్కు కర్మాగారం కట్టడం ఊపందుకుంది, కాంట్రాక్టర్లు జీపులు వేసుకుని పల్లెల వెంట తిరిగి హోల్డరు పట్టుకోవడం వచ్చినవాణ్ణల్లా ఎక్కించుకుపోయేవారు. క్యాంటీనులో వాదనలు. పని నేర్చినవాళ్ళని సర్కారు బయటికి పోనివ్వకూడదు, ముద్రలు కొట్టడం మానేయాలి అని ఒకడు లేస్తే, అందరికన్నా గట్టిగా బల్ల చరిచింది నేనే. నా పక్కన కూర్చున్న గ్యాస్ కటరు పనివాడు నెమ్మదిగా, "ఓర్బావా, ఆళ్ళనాపితే నీ జీతం పెరుగుతాదేటి?" అన్నాడు. పెరగదు. కరువు వెల్డర్లకి వచ్చింది గానీ వెల్డరు జీతానికి కాదు. మా జీతం కంపెనీ పట్టికలో ఎక్కడుందో అక్కడే ఉంది. బయట కాంట్రాక్టు మీద వచ్చినవాడికి అంతకు రెట్టింపు ఇచ్చేవారు, వాడు గల్ఫులో చేసి వచ్చినవాడైతే ఇంకా పైన.

అలా పైన ఇచ్చినవాళ్ళలో మా తోడల్లుడు కూడా ఉన్నాడని వేరే చెప్పాలా. ఎనభైల మధ్యలో మస్కట్ పని ముగించుకుని వచ్చేశాడు, వచ్చిన వారానికే ఉక్కు కర్మాగారం పనిలో పెద్ద మేస్త్రీ అయ్యాడు. గాజువాకలో శ్లాబు ఇల్లు లేచింది. గృహప్రవేశానికి ఇల్లంతా తిప్పి చూపిస్తూ ప్రతి గదిలోనూ నా మొహంలోకి చూసేవాడు. ఏడిపిస్తున్నాడనుకున్నాను.

ఆ ఏడు కార్తీకంలో రెండు కుటుంబాలవాళ్ళం యారాడ సముద్రతీరానికి వెళ్ళాం, వనభోజనాలకి. తిన్నాక ఆడవాళ్ళు సరుగుడు చెట్ల కింద నడుం వాల్చారు. మేమిద్దరం ఇసకలో కూర్చున్నాం. దూరంగా సముద్రంలో, రేవులో చోటు కోసం ఓడలు వరసగా ఆగి ఉన్నాయి. అటే చూస్తూ, నాకేసి తిరక్కుండానే మొదలుపెట్టాడు.

"నిన్ను రమ్మని ఎందుకు బతిమాలీవోణ్ణనుకున్నావన్నయ్యా? జీతం కోసమనుకున్నావేటి? నా గురించే పిలిసినాను. ఆ కేంపులో మన మాట మాటాడీవోడు ఒక్కడు లేడు. పాస్‌పోర్టు ఆళ్ళ కాడే ఉండీది. రాసిచ్చిన జీతం ఒకటి, సేతిలో ఎట్టింది ఒకటి. మా అయ్య పోనాడంటే కూడా పంపలేదు. పొద్దున్నే అద్దం దించుకుని నిన్నే పిలిసీవోణ్ణి. అన్నయ్యా ఇలగ పట్టుకోమన్నావా, అన్నయ్యా ఇలగేనా అని. పక్కనోళ్ళు పిచ్చోడనుకునీవోరు."

పదకొండో రోజున నేనన్న మాట అతనిదాకా వచ్చిందో లేదో అడగలేకపోయాను. క్యాసెట్టులో ఆగిపోయేవాడే, అది నా మొహం అందరూ చూడాలని కాదన్నమాట. అతను చీకాకుగా కళ్ళు తుడుచుకుని, నువ్వొచ్చుంటే ఇంకో రెండేళ్ళుండీవోణ్ణి అన్నయ్యా, అని లేచి, ఇసక దులుపుకుని పిల్లల దగ్గరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. అతను పోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది.

ఇప్పుడు గాజువాకలో ప్రతి సందులోనూ ఒక ఏజెంటు బోర్డుంది, పాస్‌పోర్టు ఇంటికే వస్తోంది, వెళ్ళినవాడు విమానం దిగకముందే ఫోనులో మొహం చూపిస్తున్నాడు. సాయంత్రం అయ్యేసరికి ఇక్కడ పెళ్ళాం ఏం కూర వండిందో అక్కడ మంచం మీద పడుకుని చూస్తున్నాడు. మంచిదే, ఎవరూ అలా ఒంటరిగా పిచ్చివాళ్ళలా మాట్లాడుకోనక్కర్లేదు. కానీ ఇది రాస్తూ నాలో నేను తరచి చూసుకుంటే, ఆ యారాడ మధ్యాహ్నం నుంచి నాకు అతని శ్లాబు మీద కుళ్ళు పోయింది, గడియారం మీద పోయింది, నడిమి ముక్క మీద కూడా పోయింది. మిగిలింది ఒక్కటే. మాట తెలియని చోట, ఎండలో, తలుచుకుని పిలవడానికి అతనికి నేనున్నాను. నేను ముప్పై ఏళ్ళు పొద్దున్న కంపెనీ గేటులోకి వెళ్ళి సాయంత్రం మల్కాపురం వచ్చి పడుకున్నాను. ఒక మనిషిని అంతగా తలుచుకునేటంత దూరం నన్ను ఎవరూ పంపలేదు. చెప్పుకోవడానికి సిగ్గు లేదు, అతని ఆ బెంగ మీద కూడా నాకు అసూయే.